బాలమణక్క కలిపిన ప్రశ్న

నల్లగండ్లలో మేముంటున్న అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఈమధ్య ఒకమ్మాయి కాన్పయి ఇంటికొచ్చింది. పొద్దున పదింటికి లిఫ్టు తలుపు తెరుచుకోగానే నిప్పుల మీద చల్లిన వాము పొగ, దానితో కలిసి సాంబ్రాణి వాసన గుప్పుమంటాయి. పొగకి అలారం మోగుతుందని అసోసియేషన్ సెక్రటరీగారు రెండుసార్లు గ్రూపులో హెచ్చరించారు. ఆ ఇంటి పెద్దావిడ ఖాతరు చేయలేదు. నాకు లోలోపల సంతోషమే అనిపించింది. అయినా ఆ వాసన తగిలిన రోజు నాకు లిఫ్టు ఎక్కబుద్ధి కాదు. మెట్ల మీద కాసేపు కూర్చుంటాను. ఎవరైనా చూస్తే మోకాళ్ళ నొప్పులంటాను. ఈ వయసులో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. నిజానికి ఆ పొగలో నాకు కొత్తగూడలోని ఒక పెంకుటిల్లు, చాప మీద ముడుచుకుని కూర్చున్న ఒక పిల్ల, ఆ పిల్ల దగ్గరికి నన్ను తీసుకెళ్ళిన బాలమణక్క కనిపిస్తారు.

బాలమణి కొత్తగూడ అంగన్‌వాడీ టీచరు. నేను చూసేనాటికి నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి, వేగంగా నడిచేది, ఎండకి వానకి ఒకే నల్ల గొడుగు. చదివింది ఏడో తరగతి. ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరు నెల తప్పారో, ఎవరికి పాలు పడటం లేదో, ఎవరు మూడు రోజులుగా అన్నం ముట్టలేదో ఆమెకి తెలిసినట్టు ఆ ఇంటివాళ్ళకే తెలియదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను మనుషుల మీద చేసే పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఒక కమిటీలో కూర్చుంటున్నాను. అక్కడ నా పక్కన పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళుంటారు. వాళ్ళెవరి దగ్గరా నేను నేర్చుకోనిది ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఆ చదువుకి ఫీజు ఇంకొకరు కట్టారు. అందుకే ఆమె గురించి రాయడం ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను.

తొంభైల చివర సంగతి. మాదాపూర్‌లో కంప్యూటరు కంపెనీల కోసం గుండ్రటి భవనం లేస్తోంది. బండలు పేల్చిన చప్పుడుకి కొత్తగూడలో పెంకులు అదిరేవి. మా నాన్న ప్రభుత్వ ఉద్యోగి, తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి కూకట్‌పల్లిలో ఇల్లు తీసుకున్నారు. నేను సైకాలజీలో ఎమ్మే చేసి ఖాళీగా ఉన్నాను. నగరంలోని ఒక సంస్థ, పిల్లలు పుట్టాక తల్లుల మనసు ఎలా ఉంటుందో తెలుసుకునే అధ్యయనం మొదలుపెట్టి, ఊళ్ళు తిరిగి ప్రశ్నలడగడానికి మనుషుల్ని తీసుకుంది. వాళ్ళలో నేనొకదాన్ని. చేతిలో ప్యాడు, మెడలో కార్డు, బ్యాగులో ఇరవై ప్రశ్నల ఫారాలు. వారం రోజుల శిక్షణలో మాకు మూడు సంగతులు నూరిపోశారు. తల్లి ఒప్పుకుని సంతకమో వేలిముద్రో వేశాకే అడగాలి. అడిగేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు. ఆమె చెప్పినది ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదు. మూడోది నాకు బాగా నచ్చింది. ఒక రహస్యాన్ని దాచగల మనిషినని నా మీద నాకు గౌరవం కలిగింది.

మొదటి రోజు నేను అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి, "నమస్కారమండీ, మేము సర్వే నిమిత్తం వచ్చామండీ" అన్నాను. బాలమణక్క పిల్లలకి పెడుతున్న గుగ్గిళ్ళ గిన్నె కింద పెట్టి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. గన్ని అండీలు పెడితే ఊళ్ళె ఎవలు దగ్గరికి రానియ్యరని, ఎవరో ఆఫీసరొచ్చిందనుకుని కట్టెల మోపు మాయమైన సంగతి దగ్గర్నుంచి రేషను కార్డు దాకా అన్నీ చెప్పుకుంటారు తప్ప మనసులో మాట చెప్పరని నవ్వింది. తర్వాత నెల రోజులు నాకు పాఠాలు చెప్పింది. ఎండలో పడొచ్చి నేరుగా బాలింత గదిలోకి పోకూడదు, కాళ్ళు కడుక్కుని బయట కాసేపు కూర్చోవాలి. బిడ్డని చూసి ముద్దుగా ఉన్నాడని అనకూడదు. ప్యాడు బ్యాగులోనే ఉంచి, తిన్నావా అని అడగాలి. వాళ్ళు ఇచ్చిన చాయ్ వద్దనకూడదు. ఇవేవీ మా శిక్షణలో లేవు.

ఫారాలు మొదలుపెట్టే ముందు ఊళ్ళో ఆడవాళ్ళని అడగాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. తల్లుల అనుమతి చాలు కదా అన్నాను. తల్లికి వద్దనే ధైర్యం ఎక్కడుందో చూపించమంది. ఒక మధ్యాహ్నం అంగన్‌వాడీలో ఇరవై మంది దాకా కూర్చున్నారు. నేను అధ్యయనం గురించి చెప్పాను. తర్వాత ఒక్కొక్కరు అందుకున్నారు. బాలింతని ఏడిపించకూడదు, ఏడిస్తే పాలు విరుగుతాయి, నువ్వు అడిగేవన్నీ ఏడిపించేవే కదా అని ఒకామె. రాసుకుపోతే ఏమొస్తుంది, బియ్యమా, ఇల్లా అని ఒక ముసలమ్మ. ఏమీ రాదని చెప్పాను. ఏమీ రానిదానికి ఎవరైనా ఇంత దూరం వచ్చి రాసుకుంటారా అని ఆమె నమ్మలేదు. నేను నవ్వి ఊరుకున్నాను.

గొడవంతా చీటీ దగ్గర వచ్చింది. ప్రశ్నలయ్యాక ప్రతి తల్లికీ ఒక చిన్న చీటీ ఇవ్వాలని మా నియమం. అందులో నగరంలోని మానసిక వైద్యశాల చిరునామా ఉంటుంది. అది ఉన్న పేట పేరు చెబితే చాలు, హైదరాబాదులో పిల్లలు కూడా కణత దగ్గర వేలు తిప్పి నవ్వుతారు. చీటీ చేతులు మారుతూ పోయి చదువొచ్చిన ఒకమ్మాయి దగ్గర ఆగింది. ఆ అమ్మాయి చిరునామా పైకి చదవగానే అందరూ ఒక్కసారి కదిలారు. ఈ కాగితం ఇంట్లో దొరికితే కోడలు పిచ్చిదని తల్లిగారింటికి పంపేస్తారని, మళ్ళీ తెచ్చుకోరని అన్నారు. వాళ్ళ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. చీటీ ఇవ్వనంటేనే ఊళ్ళోకి రమ్మన్నారు. నేను ఆఫీసులో చెప్పాను. ప్రాజెక్టు ఆఫీసరుగారు ఆలోచించి, సమాజం అభ్యంతరం చెప్పింది కాబట్టి చీటీలు ఇవ్వనక్కర్లేదని రాసిచ్చారు. చీటీ బదులు ఏమివ్వాలో ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

బాలమణక్క మాత్రం ఆరోజు నన్ను బస్సు దాకా దిగబెడుతూ ఒక మాట అడిగింది. "సరే, ఎవలకు చెప్పనంటున్నవు. మంచిదే. మరి ఒక పిల్ల నాకు బతకబుద్ధి అయితలేదంటే? అప్పుడు గూడ చెప్పవా?"

అలాంటివాళ్ళు ఉండరక్కా అన్నాను. ఉండరనుకుంటే మరి ఆ ప్రశ్న ఎందుకు పెట్టారని ఆమె అడగలేదు. నిజానికి మా ఫారంలో చివరిది, ఇరవయ్యోది, ఆ ప్రశ్నే.

యాదమ్మకి పంతొమ్మిదేళ్ళు. రెండో కాన్పులో కూడా ఆడపిల్ల. మొదటి కాన్పు తల్లిగారింట్లో, ఇది అత్తగారింట్లో. భర్త మాదాపూర్ భవనం దగ్గర ఇసుక లారీ మీద పని. అత్త సాయమ్మ గట్టి గొంతు మనిషి. నేను వెళ్ళేసరికి నిప్పుల కుంపటి మీద వాము చల్లుతూ, కోడలి గురించి నేనడగని సంగతులు కూడా చెబుతోంది. ఏకాంతంగా అడగాలి కాబట్టి నేను బాలమణక్క వైపు చూశాను. ఆమెకి అర్థమైంది. పసిపిల్లని తూకం వేయాలి, అంగన్‌వాడీకి ఎత్తుకుని రమ్మని సాయమ్మని బయలుదేరదీసింది. వాళ్ళు గుమ్మం దాటుతుంటే నాకు పెద్ద ఘనకార్యం చేసినట్టనిపించింది. అత్తని తప్పిస్తే కోడలి నోరు తెరుచుకుంటుందని మా శిక్షణలో చెప్పారు. తెరుచుకుంది కూడా.

పంతొమ్మిది ప్రశ్నల దాకా ఆ పిల్ల ఊఁ, ఊహూఁ అని తప్ప మాట్లాడలేదు. ఇరవయ్యోది అడిగాక చాప అంచు నలుపుతూ కూర్చుంది. చాలాసేపటికి, "పొద్దుగాల లేవకుంటనే మంచిగుండు అనిపిస్తది మేడం. రోజు అనిపిస్తది" అంది. నేను శిక్షణలో చెప్పినట్టే ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. జవాబు మీద వ్యాఖ్యానించకూడదు. 'తరచుగా' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆమె నా పెన్ను వైపే చూస్తోంది. రాసుకున్నవా అని అడిగింది. రాసుకున్నానమ్మా, ఎవరికీ చెప్పను, నువ్వేం భయపడకు అన్నాను. ఆ పిల్ల తల ఊపింది. ముఖం కాస్త తేటపడింది కూడా. చెప్పుకుంటే బరువు దిగుతుందని చదువుకున్నాను కదా, అదే అనుకున్నాను.

దారిలో బాలమణక్క ఎదురైంది. యాదమ్మ ఎలా ఉందని అడిగింది. చెప్పకూడదక్కా అన్నాను. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది, నా ముఖంలోకి చూసింది. మళ్ళీ అడుగుతుందేమోనని బిగుసుకుని నిలబడ్డాను. అడగలేదు. నా మాటకి ఆమె ఇచ్చిన విలువ అది. ఇంటికెళ్ళి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇది నేను దాచుకోకూడని సంగతి, అందుకే రాస్తున్నాను.

ఫారాలు కవర్లో పెట్టి అంటించి నెలాఖరున ఆఫీసులో ఇవ్వాలి. అప్పటిదాకా వాటిని ఎవరూ చూడరు. కొత్తగూడలో మొదటి విడత అయిపోయింది, మాదాపూర్ ఇళ్ళు మొదలుపెట్టాను. పదకొండు రోజుల తర్వాత నెలాఖరు లెక్క కోసం కొత్తగూడలో బస్సు దిగితే అంగన్‌వాడీకి తాళం వేసి ఉంది. ఎదురుగా చెప్పులు కుట్టే ఆయన, యాదమ్మ పోయిందని, నిన్ననే మట్టి చేశారని చెప్పాడు. బ్యాగులో కవరు అంటించే ఉంది.

ఎలా పోయిందో ఇక్కడ రాయను. బాలమణక్క రాయవద్దన్నట్టే లెక్క. ఆరోజు ఊరంతా గుంపులు గుంపులుగా అదే చెప్పుకుంటుంటే ఆమె కసిరింది. ఎట్ల సచ్చిందో అందరు చెప్తున్నరు, ఎట్ల బతికిందో ఒక్కలన్న చూసిండ్రా అంది. నేను ఆమె ఎదురుగా నిలబడి, నాకు చెప్పిందక్కా అన్నాను. అంతకన్నా ఏం చెప్పానో గుర్తు లేదు. ఏడుస్తున్నాననుకుంటాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకోలేదు, తిట్టలేదు. "నువ్వు ఇచ్చిన మాట తప్పలే" అంది. అంగన్‌వాడీ తాళం తీస్తూ, "తప్పితే మంచిగుండు" అంది. లోపలికి వెళ్ళి పిల్లల పలకలు సర్దుకుంది.

ప్రాజెక్టు ఆఫీసరుగారు చెడ్డమనిషి కాదు. నేను చెప్పింది విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత మనం నియమాల ప్రకారమే చేశామని అన్నారు. అది నిజం. నేను ఆ ఫారంలో వెతికిన తప్పు ఎక్కడా లేదు. వేలిముద్ర ఉంది, తేదీ ఉంది, గడిలో టిక్కు ఉంది. ఆరో వారంలో మళ్ళీ చూడాల్సిన వాళ్ళ జాబితాలో యాదమ్మ పేరు పక్కన ఏం రాయాలని అడిగాను. 'అందుబాటులో లేరు' అన్న గడి ఒకటుంది. చనిపోయినవాళ్ళకి వేరే గడి లేదు. ఆయన దాని మీద వేలు పెట్టారు. నేను టిక్కు పెట్టాను. ఆయన బలవంతం చేయలేదు, నేనే పెట్టాను.

ఊరు మమ్మల్ని తరిమేస్తుందనుకున్నాను. తరమాలనే నా కోరిక. అంగన్‌వాడీలో మళ్ళీ ఆడవాళ్ళు కూర్చున్నారు. ఈసారి సాయమ్మ కూడా వచ్చింది, ఒళ్ళో పసిపిల్ల. ఆమె ముందు తలెత్తలేక నేను గోడ వైపు కూర్చున్నాను. కొందరు ఇక చాలన్నారు. మనసులు కెలికి వదిలేసి పోతున్నారన్నారు. ఇంకొకామె, అడగకుంటే మాత్రం బతికేదా, అడగబట్టే ఒక్కరికైనా చెప్పుకుందని వాదించింది. గొంతులు పెరిగాయి. అప్పుడు సాయమ్మ మాట్లాడింది. ఆమె గొంతు అంత మెల్లగా ఉండగలదని నాకు తెలియదు.

"నన్ను బయటికి పంపిండ్రు. తూకమని చెప్పి పంపిండ్రు. నేను కసురుతనే, నాకు తెల్వదా. కాని నాకు తెలిస్తె పిల్లను పక్కలనే పండవెట్టుకుందు. చెయ్యి పట్టుకొని పండుకుందు."

బాలమణక్క తల దించుకుంది. సాయమ్మని బయటికి తీసుకెళ్ళింది తనే. అత్త కాబట్టి ఆమె నుంచే కోడల్ని కాపాడాలని మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం అడక్కుండానే అనుకున్నాం. సాయమ్మకి తెలిస్తే నిజంగా అలా చేసేదో, నలుగురిలో ఇంకాస్త చిన్నబుచ్చేదో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకునే అవకాశం ఆమెకి మేం ఇవ్వలేదు.

ఆరోజు సాయంత్రం బాలమణక్క ఊరి తరఫున షరతు చెప్పింది. అడగండి. కానీ ఇరవయ్యో ప్రశ్నకి అవునన్న పిల్ల దగ్గర ఇరవై ఒకటోది అడగాలి: ఎవరికి చెప్పమంటావు? అత్తో, మొగుడో, ఎదురింటామెనో, ఆ పిల్ల ఎవరి పేరు చెబితే వాళ్ళు వచ్చి పక్కన కూర్చునేదాకా అడిగినామె లేవకూడదు. ఎవరికీ వద్దంటే, ఎవరో ఒకరి పేరు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి, బస్సు పోతే పోనీ అంది. ఆఫీసులో చెబితే ఫారం మధ్యలో మార్చడం కుదరదన్నారు. నేను ప్రతి ఫారం అడుగునా పెన్నుతో ఆ ప్రశ్న రాసుకుని తిరిగాను. ఎవరూ అడ్డుచెప్పలేదు, ఎవరూ ఆమోదించనూ లేదు. కొందరు తల్లులు అమ్మ పేరు చెప్పారు. ఒకామె అందరినీ ఆశ్చర్యపరుస్తూ అత్త పేరే చెప్పింది. ఇంకొకామె కొండాపూర్ నుంచి కూరగాయల గంప తెచ్చే ఆవిడ పేరు చెప్పింది. ఆ గంపావిడ కోసం నేను రెండు గంటలు అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ వచ్చి, గంప దించి, ఆ పిల్ల తల నిమురుతూ కూర్చుంది. అది చూస్తున్నంతసేపూ నాకు యాదమ్మ చాప అంచే కనిపించింది. తర్వాతి వాళ్ళకి జరిగిన మంచి ఏదీ ఆమె దాకా వెనక్కి పోలేదు.

అధ్యయనం ముగిసి పుస్తకంగా వచ్చాక ఒక ప్రతి పట్టుకుని కొత్తగూడ వెళ్ళాను. అప్పటికే ఊరి చుట్టూ పొలాల్లో ప్లాట్ల కోసం సున్నం గీతలు పడ్డాయి. బాలమణక్క పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పింది. అంతా ఇంగ్లీషు. ఇందులో యాదమ్మ ఎక్కడుందని అడిగింది. ఒక పట్టికలో, ఒక అంకె మీద వేలు పెట్టి చూపించాను. ఆ అంకెలో ఇంకా చాలామందితో కలిసి ఉంది. ఆమె ఆ అంకె మీద తన వేలు పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత పుస్తకం మూసి నాకు తిరిగిచ్చేసింది.

"నీకు చెప్పద్దనుకున్న" అంది. "కాని నువ్వు ఇగ ఈ పనిలనే ఉంటవు. తెల్వాలె."

నేను వెళ్ళిన మర్నాటి నుంచీ యాదమ్మ ఆమెని రోజూ అడిగిందట. పసిపిల్లకి మందు చుక్కలు వేయడానికి పోయినప్పుడు, గుడ్డు ఇవ్వడానికి పోయినప్పుడు, గుమ్మంలో నిలబడి ఒకటే మాట. "రాసుకపోయిన మేడం ఎప్పుడొస్తది అక్కా?" మా ఊళ్ళో రేషను కార్డయినా, పింఛనయినా, ఇంటి జాగా అయినా, ఎవరో వచ్చి రాసుకుపోయాకే వచ్చేది కదా అంది బాలమణక్క. రాసుకుపోయారంటే ఏదో ఒకటి చేస్తారని లెక్క. ఆ పిల్ల బియ్యం కోసం అడుగుతోందనుకుని, వస్తది తీయ్, పరేషాన్ గాకు అని ఈమె రోజూ చెప్పింది. ఇది చెబుతూ ఆమె ఏడవలేదు. గొడుగు కర్రతో నేల మీద గీస్తూ కూర్చుంది.

ఈ పనిలో ఇన్నేళ్ళలో ఎంతోమంది ఎదుట కాగితం తీశాను. ఎవరైనా తమ కష్టం చెబుతున్నప్పుడు పెన్ను తీసే ముందు, ఇది ఎందుకు రాసుకుంటున్నానో, దీనివల్ల వాళ్ళనుకునేది ఏదీ జరగకపోవచ్చనీ, మళ్ళీ ఏ రోజు వస్తానో చెబుతాను. చెప్పిన రోజుకి వెళతాను. వానొచ్చినా, జ్వరమొచ్చినా వెళతాను. కమిటీలో వాళ్ళకిది చాదస్తంగా కనిపిస్తుంది. అందరికీ చెప్పను కానీ, యాదమ్మ నా కోసం ఎదురుచూసిన ఆ రోజులన్నీ నేను మాదాపూర్‌లోనే ఉన్నాను. అక్కణ్ణుంచి వాళ్ళింటికి నడిచినా గంట పట్టదు.